సెల్వమలర్ పెట్టని సంతకం

పుదుక్కుడియిరుప్పు,
2012 ఫిబ్రవరి 11

ఇన్బరాణి అక్కకు,

దేశం దాటి వెళ్ళిన మీరంతా కలిసి పెట్టుకున్న తమిళ సంఘం పంపిన కుట్టుమిషన్లు పన్నెండూ చేరాయి. వాటితోపాటు మీ బ్యానరూ చేరింది. మా బడి రేకుల షెడ్డు కంటే అదే పెద్దది. గాలికి ఎగిరిపోకుండా ఇద్దరు ఆడవాళ్ళు రెండు కొసలు పట్టుకుని నిలబడ్డారు. ఫోటోలో వాళ్ళ ముఖాలు కనిపించవు, వేళ్ళు మాత్రమే కనిపిస్తాయి. మీ అధ్యక్షుడు శివజోతిగారికి ముందే చెప్పు.

అందరూ నవ్వుతూ ఉండాలని ఆయన మూడుసార్లు ఫోన్ చేసి చెప్పారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని బెదిరించి చేతులు కట్టించి నిలబెట్టినదాన్ని నేను. యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్ళను వరసగా నిలబెట్టి నవ్వండమ్మా అనడానికి మాత్రం నోరు రాలేదు. వాళ్ళలో ఒకామె నా అవస్థ చూసి, "టీచర్, పళ్ళు కనిపించాలా, ఊరికే పెదాలు సాగదీస్తే చాలా?" అంది. ఆ మాటకు అందరూ నవ్వారు. ఆ క్షణంలోనే ఫోటో తీయించేశాను.

పదకొండు మిషన్లు ఇళ్ళకు వెళ్ళాయి. పన్నెండోది నా మంచం కింద ఉంది. అది సెల్వమలర్‌ది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఇంట్లో అత్త, పదకొండేళ్ళ కూతురు. వేరుశనగ చేలల్లో కూలికి పోతుంది. మీ కాగితం మీద "నా భర్త మరణించాడు" అని ఉన్న చోట సంతకం పెట్టమంటే కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది.

"చచ్చిపోయాడని ఎవరు చెప్పారు టీచర్?"

"మూడేళ్ళయింది కదమ్మా."

"మూడేళ్ళయితే చచ్చిపోతారా?"

నువ్వేమైనా చేయగలవా?

నీ చెల్లెలు
లోజని

---

స్కార్‌బరో,
2012 మార్చి 4

ప్రియమైన లోజాకు,

నీ ఉత్తరం కమిటీలో చదివాను, పళ్ళ మాట ఒక్కటి వదిలేసి. శివజోతిగారు చెడ్డవాడు కాదు. దాతలు వితంతువుల కోసమని ఇచ్చారు, మనం మాట తప్పకూడదు అంటాడు. ఆయన తమ్ముడు కూడా అక్కడ యుద్ధంలోనే పోయాడు. అందుకే కాబోలు అన్నీ కాగితం మీద ఖాయంగా ఉండాలంటాడు.

నేను ఊరుకోలేదు. పోయాడో ఉన్నాడో తెలియనివాళ్ళు వితంతువుల కంటే సుఖంగా ఉన్నారా అని అడిగాను. కొందరు తలలు దించుకున్నారు. అంటే పట్టుబడితే ఈ నియమం మారుతుంది. ఆమె వివరాలు, వీలైతే ఒక ఫోటో పంపు. మన ఆడవాళ్ళందరికీ చూపించి నా వైపు తిప్పుకుంటాను.

ఇక్కడ ప్రతి ఆదివారం సంఘం హాలు వంటింట్లో రెండు వందల మందికి వండుతున్నాం. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు ఉండే ఆశ్రయ గృహానికి పంపుతాం. నా మోకాళ్ళు నిలబడనివ్వవు కనుక కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాను. పెద్ద గుండిగల దగ్గర కుగదాసన్ అనే అతను ఉంటాడు. రెండేళ్ళ క్రితం మన వైపు నుంచే భార్యాబిడ్డలతో వచ్చాడు. వారమంతా గిడ్డంగిలో బరువులు మోసి, ఆదివారం పొద్దున్నే ఇక్కడికి వస్తాడు. ఒక్కవారం కూడా మానలేదు. వండిందాంట్లో ఒక్క ముద్ద కూడా తినడు. "ఏం కుగదాసా, నీ వంట మీద నీకే నమ్మకం లేదా?" అని ఆటపట్టిస్తాం. నవ్వేసి గుండిగ తోముకుంటాడు.

కళ్ళకు మందు వేసుకుంటున్నావా?

అక్క

---

పుదుక్కుడియిరుప్పు,
2012 ఏప్రిల్ 2

అక్కా,

సెల్వమలర్ ఫోటో పంపుతున్నాను. ఆమె చేతిలో ఉన్నది భర్త ఫోటో. పేరు కేదీస్వరన్. వెనక తలుపు దగ్గర నిలబడింది అత్త అన్నరత్నం. ఫోటో ఎందుకని అడిగి, వెతికించడానికేమో అనుకుని, చీర మార్చుకుని వచ్చింది.

జరిగింది ఇది. యుద్ధం చివరి వారాల్లో ఆ ఇసుక నేలలో గుంట తవ్వుకుని నలుగురూ అందులో ఉన్నారు. గంజి పోస్తున్నారని తెలిసి అతను మూత ఉన్న అల్యూమినియం తూకు క్యారేజీ పట్టుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆ పక్కన ఫిరంగి షెల్లు పడిందన్నారు. ఈమె వెళ్ళేసరికి అక్కడ ఎవరెవరో ఉన్నారు గాని అతను లేడు. తర్వాత శిబిరంలో ఎవరో, కేదీస్వరన్ లాంటి మనిషిని సైనికులు బస్సు ఎక్కిస్తుంటే చూశామన్నారు. ఆ "లాంటి" అన్న మాట పట్టుకుని మూడేళ్ళుగా ఏ ఆఫీసు పిలిస్తే ఆ ఆఫీసుకు ఫోటో తీసుకుని వెళుతోంది.

ఈ సంగతులు ఫోన్లో అడగకు. ఎవరు వింటారో తెలియదు. ఆలస్యమైనా ఉత్తరమే రాయి.

కళ్ళకు మందు అయిపోయింది. కంగారుపడి పార్సిలు కట్టకు, వవునియాలో దొరుకుతుంది.

లోజని

---

స్కార్‌బరో,
2012 మే 6

లోజా,

ఉత్తరం, ఫోటో అందాయి. కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు. నువ్వు కూడా ఆమెను తొందరపెట్టకు. సంతకం మాట ఎత్తకు. కొన్ని విషయాలు అలా ఉండనివ్వడమే మంచిది.

ఒక్క సంగతి. అతను బస్సు కండక్టరా? ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ చలి తగ్గింది. అందరం క్షేమం.

అక్క

---

పుదుక్కుడియిరుప్పు,
2012 జూన్ 1

అక్కా,

అతను కండక్టరని నేను రాయలేదు. నీ దగ్గరున్న నా ఉత్తరం తీసి చూసుకో. మరి నీకెవరు చెప్పారు?

మా అమ్మ, నీ చిన్నమ్మ, పోయినప్పుడు నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. "చిన్నమ్మకు కాస్త నలతగా ఉంది, వీలు చూసుకుని రా" అని రాసింది నువ్వే. నేను వీలు చూసుకునే వచ్చాను. వచ్చేసరికి గడప దగ్గర చెప్పులు గుట్టలుగా ఉన్నాయి. ఆ ఉత్తరం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మామూలుగా కోడి కెలికినట్టు రాసే నువ్వు దాంట్లో ముత్యాల్లాంటి అక్షరాలు రాశావు. మొన్నటి ఉత్తరంలోనూ అవే అక్షరాలు.

నేనిప్పుడు హాస్టల్ పిల్లను కాను. అరవై రెండేళ్ళు. ఈ నేల మీద ఎవరెవరిని మోసుకెళ్ళి పూడ్చానో నీకు తెలియదు. దాచకు.

లోజని

---

స్కార్‌బరో,
2012 జూన్ 24

లోజా,

రాస్తున్నాను.

ఆ ఆదివారం ఫోటో వంటింటి బల్ల మీద పెట్టి ఆడవాళ్ళకు చూపిస్తున్నాను. కుగదాసన్ ఉప్పు డబ్బా కోసం వచ్చాడు. ఫోటో వైపు చూసి అలాగే నిలబడిపోయాడు. "ఈయన పేరేంటక్కా?" అన్నాడు. చెప్పాను. డబ్బా తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. అన్నం మాడు వాసన వచ్చి చూస్తే, వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నాతో అన్నది ఒక్కటే, "ఆయన కండక్టరక్కా" అని. మిగిలింది చెప్పడానికి అతనికి ఆరు వారాలు పట్టింది.

గంజి వరుసలో కేదీస్వరన్ ఇతనికి ముందు నిలబడ్డాడట. జనం తోసుకుంటుంటే బస్సులో అరిచినట్టు "ముందుకు జరగండి, ముందుకు జరగండి, వెనకంతా ఖాళీ!" అని అరిచాడట. అంత భయంలోనూ జనం నవ్వారట. తూకులో గంజి పోయించుకుని పక్కకు తిరిగాడు. అప్పుడు షెల్లు పడింది.

తర్వాతి మాటలు అతను చెప్పినట్టే రాస్తాను.

"ఆయన పడిపోయాడక్కా. ఇంక లేడని చూడగానే తెలిసింది. తూకు మాత్రం నిలబడే ఉంది. మూత కూడా ఊడలేదు. నా పిల్లలు, తొమ్మిదేళ్ళది, ఆరేళ్ళవాడు, తిని రెండు రోజులు. ఆ తూకు తీసుకుని పరిగెత్తాను. ముందు వాళ్ళకు తాగించాను. ఆ తర్వాతే తిరిగొచ్చి ఆయన్ను పూడ్చాను. చేతుల్తో, ఒక సత్తు పళ్ళెంతో. ఆయనకూ పిల్లలుంటారని అప్పుడు తట్టలేదక్కా. తట్టినా తీసుకునేవాణ్ణేమో."

అందుకే ఈ వంటింట్లో ముద్ద ముట్టడట.

అతను ఎవరికీ చెప్పవద్దనలేదు. "ఆమెకు తెలియాలి. కాని నా చేత రాయించొద్దు" అన్నాడు. నేను రాయడానికి భయపడ్డాను. ఇక ఈ బరువు నీది కూడా. క్షమించు.

అక్క

---

పుదుక్కుడియిరుప్పు,
2012 ఆగస్టు 5

అక్కా,

నెల రోజులు నీ ఉత్తరం దగ్గర పెట్టుకుని తిరిగాను. గురువారం మధ్యాహ్నం చేను గట్టు మీద సెల్వమలర్ ఒక్కతే కూర్చుని అన్నం తింటుంటే వెళ్ళాను. తినడం అయ్యేదాకా ఆగి చెప్పాను. ఏదీ తగ్గించలేదు, తూకు సంగతి కూడా.

"ముందుకు జరగండి" అన్న మాట దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "వెనకంతా ఖాళీ అన్నాడా?" అని అడిగింది. అన్నాడట అన్నాను. "ఆయనే" అంది.

ఏడవలేదు. డబ్బా కడిగింది, మూత పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఆ పిల్లలు ఎంతెంత వాళ్ళు?"

"అప్పుడు ఆరేళ్ళు ఒకడికి, తొమ్మిదేళ్ళు ఒకదానికి."

"మా యాళినికి ఎనిమిది." డబ్బా సంచిలో వేసుకుంటూ, "పోనీలెండి. ఒలికిపోలేదు" అంది.

ఇక సంతకం పెడతావా అని నేను అడగలేదు, తనే ఎత్తింది.

"టీచర్, ఆయన లేడని నాకు ఎప్పుడో తెలుసు. ఒంటికి తెలుస్తుంది. కాని ఆ రోజు వెళ్ళొద్దని నేను చొక్కా పట్టుకున్నాను. మా అత్త అరిచింది. పిల్ల సొమ్మసిల్లిపోతుంటే గుంటలో కూర్చుంటావేంట్రా, నువ్వు మగాడివేనా, పోరా అంది. ఆ మాటకు పోయాడు. మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఇవాళ వస్తాడు అంటది. రాకపోతే దానర్థమేంటో ఆమెకు తెలియదా? నేను ఆ కాగితం మీద సంతకం పెడితే, నా కొడుకును నేనే చంపుకున్నానని ఆమె సంతకం పెట్టినట్టు. మీ మిషను కోసం ఆ పని నేను చెయ్యను."

అత్తకు ఈ సంగతి తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. అతనికి ఈ మాట చెప్పమంది. "ఆయన్ను కుక్కలకు వదిలెయ్యకుండా మన్ను కప్పారు. చాలు."

లోజని

---

స్కార్‌బరో,
2012 సెప్టెంబరు 16

లోజా,

నీ ఉత్తరం కుగదాసన్‌కు వినిపించాను. "ఒలికిపోలేదు" అన్న చోట లేచి వెళ్ళి పంపు తిప్పి చేతులు కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఉన్నాడు. నేనే వెళ్ళి కట్టేశాను.

ఒక మంచి కబురు. నియమం మారింది. ఏడుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు. ఇకమీదట కాగితంలో వితంతువు అన్న మాట ఉండదు. "ఒంటరిగా ఇల్లు నడుపుతున్న స్త్రీ" అని మాత్రమే ఉంటుంది. చివరి ఓటు శివజోతిగారిదే. ఆయన ఎంతకూ ఒప్పుకోకపోతే పక్కకు తీసుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. విని కళ్ళద్దాలు తీసేశాడు. తిరిగొచ్చి చెయ్యెత్తాడు.

కొత్త కాగితం ఇందులో పెట్టాను. ఆ మిషను నీ మంచం కింద నుంచి తీసి ఆమెకివ్వు.

అక్క

---

పుదుక్కుడియిరుప్పు,
2012 నవంబరు 20

అక్కా,

అక్టోబరు మొదట్లో సెల్వమలర్ కొత్త కాగితం చదువుకుని సంతకం పెట్టింది. మిషను సైకిలు మీద ఇంటికి చేర్చాం. బడిపిల్లల గౌన్లు కుట్టడం మొదలుపెట్టింది. నేను సంతోషంగానే ఉన్నాను, పోయిన బుధవారం దాకా.

ఆ రోజు మీ సంఘం తరఫున ఒకాయన వ్యానులో వచ్చాడట. మిషన్లు తీసుకున్న ప్రతి ఇంటికీ ఒక క్యాలెండరు, మీ వార్షిక సంచిక పంచి వెళ్ళాడు. నాకు చెప్పనుకూడా లేదు. సెల్వమలర్ చేలో ఉంది. యాళిని సంచిక తిరగేసి, "నాయనమ్మా, అమ్మ ఫోటో వేశారు! నాన్న కూడా ఉన్నాడు!" అని గంతులేసిందట. చదవవే అంది ముసలామె. ఆ పిల్ల బడిలో బాగా చదువుతుందని నేనే ఎన్నిసార్లు మెచ్చుకున్నానో. గంజి వరుస, షెల్లు, తూకు, సత్తు పళ్ళెం, అన్నీ గడగడా చదివింది. ఏం చదువుతోందో సగం దాటాక గాని తెలియలేదు దానికి. అప్పుడు ఆపబోతే, ముసలామె "చదువు" అందట. చివరిదాకా చదివించుకుంది.

"మరణంలోనూ అన్నదానం" అని పేరు పెట్టారు దానికి. రాసింది శివజోతిగారు.

ఇవాళ్టికి ఏడో రోజు. అన్నరత్నం నీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదు. నోటి దగ్గర పెడితే పెదాలు బిగిస్తుంది. "నేనే పంపాను" అనే మాట తప్ప మరో మాట లేదు. డాక్టరు వచ్చి, మందుతో పోయేది కాదన్నాడు.

నాకు సెల్వమలర్ ముఖం చూసే ధైర్యం లేదు. ఒట్టు వేసింది నేను. నీకు రాసిందీ నేనే.

లోజని

---

స్కార్‌బరో,
2012 డిసెంబరు 9

లోజా,

ఏమని రాయను? చెప్పింది నేను. ఒక మిషను కోసం, ఒక ఓటు కోసం చెప్పాను.

శివజోతిగారి ఇంటికి వెళ్ళాను. నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, "ఇన్బరాణీ, ఈ కథ చదివి ఎంతమంది సాయానికి ముందుకొచ్చారో తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు. మిగిలిన ప్రతులన్నీ తగలబెట్టిస్తానన్నాడు. ఇంకేం మిగిలాయి?

సంచికలో కుగదాసన్ పేరు లేదు. ఉండక్కర్లేకపోయింది. సంచిక పంచిన ఆదివారం ఒక పెద్దాయన వచ్చి, "నువ్వేనా బాబూ ఆ గంజి తీసుకున్నది?" అని భుజం తట్టాడు. మంచి మనసుతోనే తట్టాడు. కుగదాసన్ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు వారాలుగా రావడం లేదు. వాళ్ళింటికి వెళ్తే కూతురు తలుపు తీసింది. పన్నెండేళ్ళు దానికి. "నాన్న పడుకున్నాడు" అంది. తలుపు వేయకుండా నిలబడి, "అత్తా, ఆ గంజి మేమే తాగామా?" అని అడిగింది. నిజం చెప్పడం తప్ప నాకు గతి లేకపోయింది.

కమిటీ నుంచి తప్పుకున్నాను. ముసలామె ఎలా ఉందో రాయి. ఏదైనా సరే, రాయి.

అక్క

---

పుదుక్కుడియిరుప్పు,
2013 జనవరి 6

అక్కా,

అన్నరత్నం బతికింది.

పోయిన ఉత్తరం వేసిన మర్నాడే, ఎనిమిదో రోజు పొద్దున వెళ్ళాను. మనిషి చాపకు అంటుకుపోయింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. సెల్వమలర్ పక్కన కూర్చుని గంజి చల్లార్చుతోంది. ఉన్నట్టుండి గిన్నె కింద పెట్టేసింది.

"అత్తా, నువ్వు పంపలేదు. నేను పంపాను."

ముసలామె కళ్ళు ఇటు తిరిగాయి.

"నువ్వు అరిచావు. నిజమే. ఆయన నీ మాట విననే లేదు. ఆ చప్పుళ్ళలో ఎవరికి వినిపిస్తుంది? గుంటలోనే కూర్చున్నాడు. నేనే రెక్క పట్టి లేపాను. తూకు చేతిలో పెట్టి, పిల్లకు తిండి తేకుండా రావద్దన్నాను. ఇన్నాళ్ళూ నువ్వు నిన్ను తిట్టుకుంటుంటే నోరు మూసుకున్నాను. నాకు భయం."

అక్కా, నాతో చేను గట్టు మీద చెప్పింది అది కాదు. చొక్కా పట్టుకుని ఆపానంది. నేను నోరు తెరవబోయాను. సెల్వమలర్ నా వైపు ఒక్క చూపు చూసింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

ముసలామె లేచి కూర్చుంది. ఎలా లేచిందో తెలియదు. "నువ్వా?" అంది. "నా కొడుకును నువ్వా?" పుల్లల్లాంటి చేతులతో కోడలి ముఖం మీద, రొమ్ము మీద కొట్టింది. సెల్వమలర్ తల వంచుకుని, దెబ్బలు అందేలా దగ్గరికి జరిగింది. దయ్యమా, నా ఇంటి దీపం ఆర్పినదానా, నా కళ్ళముందు నుంచి పో అని ఆ ముసలి గొంతు ఎంతసేపు తిట్టిందో. ఇరుగుపొరుగు వచ్చి నిలబడ్డారు. యాళిని నా కొంగులో దూరింది.

మధ్యాహ్నం ఎండ తగ్గుతుంటే తిట్లు ఆగాయి. అప్పుడు మనవరాల్ని పిలిచింది.

"నాకింత గంజి పొయ్యవే. నువ్వు పొయ్యి. దాని చేత్తో వద్దు."

తాగింది. ఆపైన ఇంకొంచెం అడిగింది.

ఇది జరిగి నెల దాటింది. ఇప్పుడు రెండు పూటలా తింటోంది. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తోంది. వచ్చిన ప్రతివాళ్ళకూ, కోడలే కొడుకును పంపి చంపించిందని చెబుతోంది. ఊళ్ళో కొందరు నమ్మారు. గౌన్లు కుట్టించుకునేవాళ్ళు తగ్గారు. సెల్వమలర్ ఇంట్లోకి వస్తే ముసలామె గోడవైపు తిరుగుతుంది. యాళిని కూడా తల్లితో సరిగ్గా మాట్లాడటం లేదు.

నిన్న దారం కండెలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక, "ఎన్నాళ్ళమ్మా ఇలా? కనీసం కూతురికైనా నిజం చెప్పు" అన్నాను.

ఆమె మిషను ఆపలేదు. లోపల ముసలామె పళ్ళెం గీకి తింటున్న చప్పుడు వినిపిస్తోంది.

"తింటోంది కదా టీచర్" అంది.

లోజని